గాలితలుపు మీద రాగి చుక్కలు

భాద్రపద బహుళ దశమి

ఈ దినచర్య లోవూరు గాలితలుపుల పరిశీలకుడు ప్రతి షిఫ్టు చివర స్వహస్తంతో రాయవలసినది. రాస్తున్నవాడు గట్టు ఓదెలు, బి.ఎ. ఆ రెండక్షరాలు పని దిగిన ఒంటితో రాత్రిబడిలో కూర్చుని సంపాదించుకున్నవి. వాటిని విడిచి నేను సంతకం చేయను.

నాలుగో గాలితలుపుకు ఉన్న పాత ఇనుప పిడిని విప్పించి, దాని స్థానంలో తలుపు బయటొకటి, లోపలొకటి గాజు పలకలు బిగించే పని ఈ రోజుతో పూర్తయింది. మా తాతలు బొగ్గు తవ్విన సొరంగాలే ఇప్పుడు మా వీధులు. పైన ఎండ మనిషిని బతకనివ్వదు. వీధికీ వీధికీ నడుమ ఒక చిన్న గది, దానికి రెండు తలుపులు ఉంటాయి. ఒకటి మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోదు. చెడుగాలి పాకకుండా ఆపేది ఆ గదే. కిందటి వేసవిలో నలుగురైదుగురు ఒకేసారి అందులో దూరి తలుపు సరిగా పడక, మూడో వీధి పొగ రెండో వీధిలోకి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోయారు. అప్పటి నుంచి మండలి నియమం ఒకటే. గదిలోకి ఒక్కరే వెళ్ళాలి, ఎవరి తలుపు వారే తీసుకోవాలి. చంకలో బిడ్డకు తప్ప మినహాయింపు లేదు. గాజు పలక ముఖం చూసి మనిషిని గుర్తుపడుతుంది. ఏ వీధికి వెళ్తున్నామో దాని మీద తాకి చెబితే పంకాలు ఆ వీధికి గాలి కేటాయిస్తాయి, తలుపు తెరుచుకుంటుంది. అంతవరకు మూసిన గదికి కొత్త గాలి రాదు.

బిగింపు చూసి తృప్తిపడుతుండగా అనసూర్య టీచర్ వచ్చారు. ఆమెకు పుట్టుకతో చూపు లేదు. గోడ వెంట కట్టిన తాడు పట్టుకుని, రోజూ ఈ తలుపు దాటి రాత్రిబడికి వెళ్తారు. బొగ్గుచూర పట్టిన నా అరచేతిలో చెక్క అక్షరాలు తడిమి తాను నేర్చుకున్న ఒత్తులూ గుణింతాలూ వేలితో రాసి నాకు చదువు చెప్పింది ఆమే.

అలవాటైన చోటికి ఆమె చెయ్యి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు.

"ఓదెలూ, పిడి ఏది?"

"తీసేసినం టీచర్. గాజు పలక పెట్టినం."

"మంచిది. ఎట్ల తియ్యాల్నో చెప్పు."

ఆ గాజు మీద వేలికి తగిలేది ఏదీ లేదు. వెనుక వరుసలో నీళ్ళ డబ్బాలతో నిలబడిన లచ్చవ్వ ముందుకొచ్చింది.

"గింతదానికి పరేషానెందుకు టీచరమ్మా, నేను నొక్కుత తియ్." ఆమె చెయ్యి చాపగానే పలక రెండు ముఖాలను చూసి గీమని అరిచి నల్లబడిపోయింది. "అగో! నా మొకం దానికి నచ్చనట్టున్నది," అని లచ్చవ్వ వెనక్కి తగ్గింది. అందరూ నవ్వారు. టీచర్ కూడా నవ్వారు.

చివరికి పరిశీలకుడి తాళంతో నేను తలుపు తెరిచాను. లోపలికి అడుగు పెడుతూ ఆమె అన్నారు:

"నిన్నటిదాక నేనే తీసుకునేదాన్ని. ఇయ్యాల నువ్వు తీసినవ్. రేపు నువ్వు లేకుంటే నేను గీడనే నిలవడాల్నా?"

పని పూర్తయినట్టు ఇక్కడ రాస్తున్నాను. పూర్తయిందని నేను అనుకోవడం లేదు.

అమావాస్య

మండలి కచేరీకి వెళ్ళి, తలుపుల ఇంజనీరు వకుళ గారిని కలిశాను. వయసులో నాకన్నా చిన్నవారు, పైచదువులు చదివినవారు, ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. పొగ వచ్చిన వేసవిలో ఆమె చిన్నాన్న కుటుంబం రెండో వీధిలోనే ఉండేది. కనుక తలుపుల విషయంలో ఆమె పట్టుదలను నేను తప్పుపట్టలేను.

"ఓదెలు గారూ, పిడి మళ్ళీ పెట్టడం కుదరదు. పిడి ఎవరు లాగినా వస్తుంది, ఎంతమంది లోపల ఉన్నా వస్తుంది. చూపు లేనివాళ్ళను, కదలలేనివాళ్ళను సువిధ వీధికి మారుస్తున్నాం. అక్కడ అన్నం, వైద్యం, స్నానాల గది, అన్నీ తలుపు దాటే పనిలేకుండా ఉంటాయి. ఇంతకన్నా ఎవరికైనా ఏం కావాలి?"

"అక్కడ బడి లేదమ్మా."

"బడికి వేరే టీచర్ని వేస్తాం."

"ఒక మనవి. మనిషిని తరలించడం కన్నా పలకను మార్చడం తేలిక."

ఆమె కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. నిలబడి మాట్లాడితేనే నాకు వాక్యాలు సరిగా వస్తాయి.

చివరికి ఒక తలుపుకు, ఒక పరీక్షకు ఒప్పుకున్నారు. దసరా మరునాడు అనసూర్య టీచర్ నాలుగో గాలితలుపును తానుగా దాటాలి. దాటితే అన్ని తలుపులకూ అలాంటి పలకలు పెడతారు. దాటకపోతే పలక పీకేస్తారు, దీపావళిలోపు ఆమె సువిధ వీధికి మారాలి. నియమాలు కూడా అక్కడికక్కడే రాయించారు. ఆమె లోపలికి వెళ్ళాక ఎవరూ దారి చెప్పకూడదు. ఆమె అడిగితేనో, లోపలి గాలి తగ్గి ఎర్రగంట మోగితేనో తప్ప బయటి నుంచి తలుపు తెరవకూడదు. ఏ కారణంతో తెరిచినా పరీక్ష తప్పినట్టే. రెండుసార్లు చదివి సంతకం చేశాను.

టీచర్‌కు ఈ సంగతి చెప్పాను. "దీపావళిలోపా?" అన్నారు. అంతే. తర్వాత పాఠం మొదలుపెట్టారు.

ఆశ్వయుజ శుద్ధ చవితి

మొదట మాట్లాడే పలక పెట్టి చూశాం. రెండు లోపాలు బయటపడ్డాయి. గదిలో పంకాల హోరుకు దాని మాట వినబడలేదు. వినబడేంత గొంతు పెంచితే వరుసలో ఉన్నవాళ్ళందరికీ వినబడింది.

ఆ పలకను పరీక్షించడానికి బాపును పిలిచాను. పైకప్పు కూలి కాళ్ళు పోగొట్టుకున్న మనిషి. చక్రాల పీట మీద తిరుగుతాడు, నోరు మాత్రం ఊరంతా తిరుగుతుంది. పలక అతని ముఖాన్ని వెతుక్కుంటూ అతని తలపై నుంచి ఎదురు గోడను చూసింది. పీట కింద ఇటుకలు పెట్టి లేపితే గుర్తుపట్టి, అతని పేరున ఉన్న వైద్యశాల చీటీ కూడా చదివి, "దుర్గం బాపు. మూలవ్యాధి మందు కొరకు వైద్యశాల వీధికి," అని వీధి దద్దరిల్లేలా ప్రకటించింది.

"ఇగ డప్పు గూడ కొట్టియ్యి అన్నా," అన్నాడు బాపు. "నా పెండ్లిల గూడ ఇంత జోరుగ సాటింపు కాలే."

కనుక మాట్లాడే పలకను తీసివేశాను. బయటి పలకను బాపు చేతికి అందే ఎత్తుకు దించి, ఒకే ఉబ్బెత్తు బొత్తాం పెట్టించాను. కెమెరాను కూడా కిందికి వంచాం. లోపల గాజు తీసి చెక్క పలక పెట్టించి, దానికి రాగి చీలలతో బ్రెయిలీ చుక్కలు కొట్టించాను. ఒక్కో వీధి పేరుకు ఒక్కో వరుస, వరుస చివర ఒక మీట.

చుక్కలను పెద్దవిగా, దూరదూరంగా కొట్టించాను. చూపు తక్కువవారికి పెద్ద అక్షరాలు వేస్తారు కదా అన్నది నా తర్కం. టీచర్ వాటి మీద చెయ్యి పెట్టి ఆగిపోయారు.

"ఇవి అచ్చరాలా ఓదెలూ, బోర్లిచ్చిన గిన్నెలా?"

"పెద్దగుంటే మంచిగ తెలుస్తదని..."

"అచ్చరమంతా ఒక్క వేలికొస కిందికి రావాలె. నీకు ఒక్క అచ్చరం గోడంత రాసి, ముక్కు ఆనిచ్చి చదువుమంటే ఎట్లుంటది?"

నా వేలికొస మీద తన గోరుతో ఆరు చుక్కలు గుచ్చి కొలత చూపించారు. చీలలన్నీ పీకించి మళ్ళీ కొట్టించాను. ఫిట్టర్లు సణిగారు. సణిగినా చేశారు.

అష్టమి

పలక నమూనా ఒకటి టీచర్ ఇంటికి పంపాను. ఆమె వేలు దాని మీద ఆగకుండా నడుస్తోంది. తలుపుకు బిగించేదానిలో వరుసల క్రమం మాత్రం వేరు. బట్టీ పట్టి దాటారనే మాట రాకూడదని వకుళ గారు క్రమాన్ని తానే నిర్ణయించి, ఎవరికీ చెప్పకుండా బిగింపజేశారు. అది న్యాయమే.

సాయంత్రం వీధిలో ఆడవాళ్ళు బతుకమ్మ పేర్చారు. దీపాల కింద పెరిగిన బంతిపూలు కొన్ని, రంగు కాగితం పూలు ఎక్కువ. పాట సాగుతుండగా టీచర్ నా పక్కన అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేను అడగరాని మాట అడిగాను.

"టీచర్, సువిధ వీధిల మీకు కష్టమేముంటది? అందరు మంచిగ చూసుకుంటరు."

"ఇక్కడ చూసుకోరా? లచ్చవ్వ చూసుకుంటది, నువ్వు చూసుకుంటవ్. సుట్టు అందరు మంచోళ్ళే. అదే నా కష్టం." కొంచెం ఆగి మళ్ళీ అన్నారు: "నేను బడికి పోతాంటే, నడుమ ఆ గదిల నేనొక్కదాన్నే ఉంట. నా చెయ్యి ఎవలు పట్టుకోరు. పైలం టీచరమ్మా, చూసి నడువు అని ఎవలు అనరు. రోజు మొత్తంల నాకు దొరికేది గా ఇంతసేపే. అది గూడ తీస్కపోతరా?"

పాట అయిపోయి ఆడవాళ్ళు ప్రసాదం పంచారు. ఎవరో ఆమె చెయ్యి తీసుకుని, వేళ్ళు తెరిచి, అందులో పలారం పెట్టి మళ్ళీ మూశారు.

దశమి

విజయదశమి. మమ్మల్ని బతికించేవి తలుపులూ పంకాలే కనుక లోవూరులో ఆయుధపూజ అంటే వాటికే. పంకాల ఇంటి పెద్ద పోశం తన మనుషులతో పళ్ళేలు పట్టుకుని వీధివీధీ తిరిగాడు. పంకాల గాలికి పసుపూ కుంకుమా నిలవవు, ఎగిరిపోతాయి. అందుకని మా దగ్గర వాటిని తుమ్మజిగురుతో కలిపి పెడతారు. ఆరితే రాయిలా పట్టుకుంటుంది. బొట్టు ఏడాదంతా ఉంటే ఆ తలుపు ఆ ఏడు మనిషిని తినదని నమ్మకం.

నాలుగో తలుపు దగ్గర పోశం పళ్ళెం నా చేతికిచ్చాడు.

"అన్నా, కొత్త పలకకు మొదటి బొట్టు నువ్వే పెట్టాలె. చేసినోని చెయ్యి సల్లగుంటది."

"నేను అధికారిగా ఉన్న. మీరే పెట్టుండ్రి."

"అధికారి గిధికారి పక్కకు పెట్టు. ఇది టీచరమ్మ పలక. రేపు ఆమె గెలవాలంటే దీనికి మంచిగ చెయ్యాలె గద?"

ఆ మాట నాకు నచ్చింది. గదిలోకి వెళ్ళి లోపలి పలక ముందు నిలబడి, ఒక్కో రాగి చుక్కకూ ఒక్కో కుంకుమ బొట్టు, ఒక్కటి కూడా తప్పిపోకుండా పెట్టాను. నా తర్వాత పోశం వెళ్ళి అరచేత్తో పసుపు పూసి, ద్వారానికి బంతిదండ కట్టాడు. ఏ తలుపుకూ చేయనంత శ్రద్ధగా దీనికి చేశాం. రాగి మీద పసుపూ ఎరుపూ నిండుగా ఉన్నాయి. ఇంటికి వస్తూ దారి పొడుగునా, చదువుకున్నవాడికి కూడా కన్ను చెమర్చే క్షణాలు ఉంటాయని అనుకున్నాను.

ఏకాదశి

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఉదయం షిఫ్టు మారే వేళకు వకుళ గారు వచ్చారు. పోశం, బాపు, నీళ్ళ డబ్బాలతో లచ్చవ్వ, వరుసలోని మిగిలినవాళ్ళు తలుపు ముందు చేరారు. టీచర్ ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చి బయటి బొత్తాం తడిమి నొక్కారు. తలుపు తెరుచుకుంది. ఆమె లోపలికి వెళ్ళాక మూసుకుంది. తలుపులోని చిన్న అద్దంలోంచి ఆమె వీపూ, కుడి భుజమూ, చెయ్యీ నాకు కనబడుతున్నాయి. మాటగొట్టం మూత తీసి ఉంది.

ఆమె చెయ్యి పలక మీదికి వెళ్ళింది. పై వరుస మీద నడిచి ఆగింది. కింది వరుస మీదికి దిగింది. మళ్ళీ పైకి వెళ్ళింది.

"ఓదెలూ," అని గొట్టంలోంచి గొంతు వచ్చింది. "అచ్చరాలు లేవు."

దారి చెప్పకూడదు. అప్పుడు నా చూపు తలుపు మీది బంతిదండ మీద పడింది. లోపల ఏం జరిగిందో నాకు అర్థమైంది.

ఆమె వేలికొసను ముక్కు దగ్గరికి తెచ్చుకోవడం కనబడింది. "జిగురు... పసుపు." తర్వాత చిన్నగా నవ్వు వినబడింది. "పండుగ మంచిగనే చేసిన్రు."

నా పక్కనే ఉన్న పోశం ఆ మాట విన్నాడు. ముఖం పాలిపోయింది. "అన్నా, లోపల పసుపు పూసింది నేనే గద!"

"నేను కూడా," అన్నాను.

లోపల ఆమె గోటితో గీకడం మొదలుపెట్టారు. కొంగు చివర ఉమ్మితో తడిపి తుడిచారు, మళ్ళీ గీకారు. ఏడాదంతా నిలవాలని కలిపిన జిగురు అది. పలక మొత్తం మీద ఆమెకు కావలసిన వరుస ఏదో తెలియాలంటే ప్రతి వరుసలోనూ మొదటి అక్షరమైనా బయటికి తీయాలి. పరీక్షకు ఆమె వెళ్ళవలసింది బడి వీధికి, వేరే మీట నొక్కితే పలక బిగుసుకుపోతుంది.

పసుపుగంట మోగింది. లోపలి గాలి సగానికి తగ్గిందని అర్థం.

"తెరవండి," అన్నారు వకుళ గారు.

వెనుక నుంచి అందరూ అందుకున్నారు. "తియ్యరాదె అన్నా, పాపం!" "పండుగ పూట గీ పరీక్షేంది?" లచ్చవ్వ డబ్బాలు కింద పడేసి నా చెయ్యి పట్టుకుంది. "నీకు చదువు చెప్పిన తల్లి ఓదెలూ. గట్లెట్ల సూసుకుంట నిలవడ్డవ్?"

తలుపు తెరిచే మీట నా కుడివైపు గోడకు ఉంది. నేను వెళ్ళి దాని ముందు నిలబడ్డాను.

"అమ్మా, నియమం మండలిది. పరీక్షార్థి అడగాలి, లేదా ఎర్రగంట మోగాలి. ఈ రెండూ జరగలేదు."

"నియమం రాయించింది నేనే. ఇప్పుడు తెరవమంటున్నదీ నేనే. పొరపాటు మీది, పోశం గారిది. ఆమెది కాదు. మరో రోజు పెట్టుకుందాం."

"మరో రోజు అన్న మాట నియమంలో లేదు. తెరిస్తే తప్పినట్టే రాయాలి. నేను కలిపి రాయలేను, తీసి రాయలేను."

"మనిషి ప్రాణం మీదికి వస్తే?"

"వస్తే మీకంటే ముందు నేనే లాగుతాను."

ఆమె చెయ్యి చాచారు. నేను పక్కకు జరగలేదు. ఇంతకాలం కొలువులో పై అధికారి చేతికి అడ్డం నిలబడడం నాకు ఇదే మొదటిసారి.

లోపల గీకుడు ఆగింది. అద్దంలోంచి చూస్తే ఆమె నుదురు గోడకు ఆనించి ఉంది. భుజం ఎగసిపడుతోంది. గొట్టంలోంచి మాట వచ్చింది, చాలా నెమ్మదిగా.

"ఓదెలూ. తలుపు తియ్యుమంటున్నరా అందరు?"

అవునని చెప్పడం దారి చెప్పడం కాదు. "అవును టీచర్."

"నువ్వేమంటున్నవ్?"

"మీరు అడగలేదని అంటున్న."

లచ్చవ్వ నా చెయ్యి వదిలేసింది.

"నేనడుగను," అన్నారు టీచర్.

మళ్ళీ గోరు చప్పుడు మొదలైంది. అది ఇప్పుడు ముందంత వేగంగా లేదు. ఒక చోట గీకి, వేలు ఆనించి, వదిలేసి, ఇంకో చోటికి వెళ్ళేది. తర్వాత చాలాసేపు ఒకేచోట ఆగింది. వకుళ గారు నా భుజం పక్క నుంచి అద్దంలోకి చూస్తున్నారు.

మీట పడిన చప్పుడు.

అవతలి తలుపు తెరుచుకుంది. అద్దంలో తెల్లచీర కదిలింది, తర్వాత ఖాళీ గోడ కనబడింది. ఎర్రగంట మోగలేదు.

పోశం ఉన్నచోటనే చతికిలబడ్డాడు. బాపు ఒక్కడే చప్పట్లు కొట్టి, ఇంకెవరూ కొట్టకపోవడం చూసి ఆపేశాడు. వకుళ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నియమం ప్రకారం ఆమె దాటారు," అన్నారు. "నియమం ప్రకారమే మీరు నా ఆదేశాన్ని ధిక్కరించారు. రెండూ రాస్తాను ఓదెలు గారూ."

"రాయండమ్మా," అన్నాను. "రెండూ నిజమే."

త్రయోదశి

సెలవు పెట్టి టీచర్ ఇంటికి వెళ్ళాను. కుడిచేతి చూపుడువేలికి కట్టు ఉంది. గోరు సగానికి పైగా లేచిపోయింది. అది ఆమె చదివే వేలు. గాయం మానినా వేలికొస మునుపటిలా చదువుతుందో లేదో చెప్పలేనని వైద్యుడు అన్నాడట. ఈలోగా ఎడమచేతి వేలికి చదువు నేర్పుతున్నారు. నేను వెళ్ళేసరికి ఒళ్ళో నమూనా పలక పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లలా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నారు.

చెప్పులు విడిచి ఆమె ముందు నేల మీద కూర్చున్నాను.

"బొట్లు పెట్టింది నువ్వేనట," అన్నారు ఆమే.

"అవును టీచర్."

"మంచిగ పెట్టినవ్. ఒక్కటి ఊడలే."

నేను ఏడ్చాను. ఆమె నన్ను ఏడవనిచ్చారు. తర్వాత అన్నారు:

"పలక చేసేటప్పుడు నన్ను పిలిచి అడిగినవ్, గిన్నెలసొంటి చుక్కలు మారిపిచ్చినవ్. పండుగకు మాత్రం అడుగలే. ఎందుకంటవ్?"

"పూజ గద, మంచే గద అనుకున్న."

"ఊఁ." వేలు నమూనా మీద ఇంకో అక్షరం దాటింది. "నువ్వు తలుపు తియ్యకుంటె పాణం పోతదేమోనని భయమైంది. తీస్తవేమోనని అంతకన్న భయమైంది. ఆ గదిల నిలవడి ఈ రెండు భయాలల్ల ఏది పెద్దదో చూసుకున్న. గంతే."

వచ్చేటప్పుడు నాలుగో తలుపు దగ్గర పోశం, అతని మనుషులు వేడినీళ్ళతో, కొబ్బరిపీచుతో పలక కడుగుతున్నారు. ఇకమీదట బొట్టు చట్రానికి పెట్టాలా, అసలు పెట్టాలా వద్దా అన్నది టీచర్‌నే అడగాలని పోశం నాతో అన్నాడు. అడగమన్నాను.

పౌర్ణమి

మండలి ఉత్తర్వులు వచ్చాయి. లోవూరులోని అన్ని గాలితలుపులకూ చుక్కల పలకలు, దించిన బొత్తాలు పెడతారు. సువిధ వీధికి వెళ్ళడం ఎవరి ఇష్టం వారిది. పై అధికారి ఆదేశాన్ని ఉల్లంఘించినందుకు గట్టు ఓదెలును పరిశీలకుడి బాధ్యత నుంచి తప్పించి పంకాల ఇంటికి సహాయకుడిగా పంపుతారు.

మొదటి రెండు వాక్యాల కింద వకుళ గారి సంతకం ఉంది. మూడో వాక్యం కింద కూడా ఆమె సంతకమే ఉంది. ఉత్తర్వు నా చేతికి ఇస్తూ ఆమె లేచి నిలబడ్డారు. అలా నిలబడవలసిన అవసరం ఆమెకు లేదు.

పంకాల ఇంట్లో నా పైవాడు పోశం. "అన్నా, నీకెట్ల పని చెప్పుదు?" అని తల గోక్కున్నాడు. చెప్పవలసినట్టే చెప్పమన్నాను. జీతం తగ్గింది. బి.ఎ. తగ్గలేదు.

బహుళ విదియ

దినచర్య రేపు కొత్త పరిశీలకుడికి అప్పగించాలి. ఈ ఒక్క విషయం రాసి ముగిస్తాను.

ఈ సాయంత్రం పంకాల ఇంటి నుంచి వస్తూ నాలుగో తలుపు దగ్గర అందరిలాగే వరుసలో నిలబడ్డాను. తాళం నా దగ్గర లేదు. ముందు అనసూర్య టీచర్, ఆమె వెనుక లచ్చవ్వ, తర్వాత ఇద్దరు ముగ్గురు, చివర నేను. బయటి బొత్తాం కింద నిన్న కొత్తగా రెండు చుక్కల వరుసలు పెట్టారు. వాటిని టీచర్ ఎడమచేత్తో చదువుతున్నారు. ఆ వేలికి ఇంకా వేగం రాలేదు.

సాయానికి చాచబోయిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొందరు వెనక్కి కట్టుకున్నారు. నా చెయ్యి కూడా జేబులో ఉంది.

అప్పుడు లచ్చవ్వ ఒక డబ్బా ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని పెద్దగా అంది:

"ఎంతసేపు టీచరమ్మా! అవతల నీళ్ళ బండి పోతది. ఆడనే సంసారం పెడతవా ఏంది?"

ఆమెతో ఆ స్వరంలో ఎవరూ ఏనాడూ మాట్లాడలేదు. నేను ముందుకు ఒక అడుగు వేయబోయి ఆగాను.

టీచర్ వేలు తీయకుండానే తల తిప్పారు.

"మొన్న నువ్వు లోపలికి పోయి ఆ అద్దంల చూసుకుంట కొప్పు ముడుసుకున్నవట గద, ఎనుక మందంతా నిలవడంగ? అప్పుడు నేనేమన్న అన్ననా?"

"నీకెవరు చెప్పిన్రే?"

"బాపు."

"ఆని నోట్ల మన్నుపడ!"

వరుస మొత్తం నవ్వింది. టీచర్ ముఖంలో ఒక వెలుగు వచ్చింది. చదువు చెప్పినన్నాళ్ళూ ఆ ముఖాన్ని చూశాను కానీ దీన్ని చూడలేదు. ఆమె బొత్తాం నొక్కారు. తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

లోపల ఆమె ఏ వీధిని ఎంచుకున్నారో, ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు. లచ్చవ్వ మాత్రం గొణుగుతూనే ఉంది.

గట్టు ఓదెలు, బి.ఎ.